ఆరున్నరకు ఇల్లు చేరిన వాసు

"ఇకమీదట మన రాష్ట్రంలో ఏ ప్రాజెక్ట్ మేనేజరూ సాయంత్రం ఆరు దాటాక ఆఫీసులో కనిపించకూడదు. కనిపిస్తే కఠిన చర్యలు తప్పవు!"

విశాఖ సాగరతీరంలో, రెండు గంటలు ఆలస్యంగా మొదలైన సభలో మంత్రిగారు ఇలా గర్జించారు. పని సగం, జీవితం సగం అన్నారు. పథకం పేరు 'ఇల్లు చేరు' అన్నారు. జనం చప్పట్లతో హోరెత్తించారు. ఆ జనమంతా ప్రాజెక్ట్ మేనేజర్లే. ఆదివారం కాబట్టి హాజరు తప్పనిసరి చేశారు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాసు. చేపలరేవులో కొత్త జెట్టీ కట్టించే మేనేజరు అతను. అంత సంబరానికి కారణం ఉంది. గోపాలపట్నంలో తామున్న ఇంటి ముందుగదిలో అతని భార్య అనూరాధ కర్రీ పాయింట్ పెడుతోంది. ఇప్పటికి రెండు ముహూర్తాలు పెట్టుకుంటే రెండుసార్లూ వాసు రివ్యూ మీటింగులో ఇరుక్కున్నాడు. మూడో ముహూర్తం శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు.

"కొబ్బరికాయ నువ్వే కొట్టాల. ఈసారి కూడా రాకపోతే నాను పాయింటూ పెట్టను, ఇంకెప్పుడూ నిన్ను ఏటీ అడగను" అంది అనూరాధ.

ఆవిడ అడిగితే వాసు ఎలాగో తట్టుకోగలడు. అడగనంటేనే తట్టుకోలేడు.

సోమవారం పొద్దున్నే డైరెక్టరు గారు పిలిచారు.

"వాసూ, నీ చప్పట్లు మంత్రిగారి దృష్టికి వెళ్లాయి. 'ఇల్లు చేరు'కి జిల్లా నోడల్ ఆఫీసర్‌వి నువ్వే. మిగతా నలభైమంది మేనేజర్లూ వేళకు ఇల్లు చేరుతున్నారో లేదో చూడాలి."

"మరి నేనెప్పుడు చేరాలి సార్?"

"అందరూ చేరాక."

దీనికో యాప్ కూడా వచ్చింది. మేనేజరు ఆరుకు ఆఫీసు వదలాలి. ఆరున్నరలోగా సొంత ఇంట్లో, కుటుంబంతో కూర్చుని నవ్వుతూ ఫొటో దిగి, జియోట్యాగ్‌తో పంపాలి. నవ్వు చాలకపోతే యాప్ వెనక్కి కొడుతుంది. దేవుడి దయవల్ల పథకం మొదటిరోజే విజయవంతమైంది. నలభైమందీ ఇళ్లకు పరుగెత్తి, పెళ్లాం పిల్లల పక్కన ఇకిలించి, ఫొటో పెట్టి, మిగిలిన పని కోసం మళ్లీ ఆఫీసుకు పరుగెత్తారు. తిరిగి వెళ్లకూడదని యాప్‌లో ఎక్కడా లేదు.

వాసు మాత్రం జెట్టీ పక్కనున్న రేకుల ఆఫీసులో కూర్చుని, వచ్చిన నవ్వులన్నీ సరిచూసి అప్రూవ్ చేశాడు. వేట ముగించుకుని వచ్చిన జాలరి దాలయ్య వల భుజాన వేసుకుని గుమ్మంలో ఆగాడు.

"ఏటి బాబూ, ఇంకా ఎల్లలేదేటి?"

"అందరూ ఇంటికెళ్లారో లేదో చూస్తున్నాను దాలయ్యా."

"బాగుంది. సంద్రం మీదకెల్లినోడు తిరిగొచ్చేత్తన్నాడు గాని, గట్టుమీదున్నోడు ఇంటికెల్లలేకపోతన్నాడు" అని దాలయ్య తన దారిన పోయాడు.

గురువారం రిపోర్టు చూసి మంత్రిగారికి ఆగ్రహం వచ్చింది. నలభై ఒక్కమందిలో నలభైమంది ఇల్లు చేరుతున్నారు, ఒకే ఒక్కడు పథకాన్ని నీరుగారుస్తున్నాడు. ఆ ద్రోహి ఎవరో కనుక్కుని వెంటనే మెమో ఇవ్వమన్నారు. నోడల్ ఆఫీసర్ హోదాలో వాసు ఆ మెమో టైపు చేయించి, సంతకం పెట్టి, తానే అందుకున్నాడు.

మెమో పట్టుకుని డైరెక్టరు దగ్గరకు వెళ్లి, ఉన్నమాట చెప్పేశాడు. కర్రీ పాయింట్, రెండు తప్పిన ముహూర్తాలు, కొబ్బరికాయ, అన్నీ చెప్పాడు. పదేళ్ల సర్వీసులో అతను చేసిన పెద్ద పొరపాటు అదే.

డైరెక్టరు ముఖం వెలిగిపోయింది. "ఎంత మంచి విషయం చెప్పావయ్యా! దారి తప్పిన మేనేజరు ఇల్లు చేరే శుభదృశ్యం! మంత్రిగారు స్వయంగా వచ్చి చూస్తారు."

"అయితే నేను నాలుగింటికే బయల్దేరతాను సార్."

"అదెలా కుదురుతుంది? ఆరుకు ముందు కుర్చీ వదిలితే పని సగం తగ్గిపోదూ?"

శుక్రవారం సరిగ్గా ఆరింటికి వాసు బండి స్టార్ట్ చేశాడు. ఊపిరి బిగబట్టి ఇంటి దారిలోని ఎన్ఏడీ జంక్షన్ దాకా వచ్చాడు. అక్కడ రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. మంత్రిగారి కాన్వాయ్ కోసమట. మంత్రిగారు జీవితంలో మొదటిసారి వేళకు వచ్చారు.

ఫోన్‌లో లైవ్ మొదలైంది. వాసు ఇల్లే. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. అనూరాధ పట్టుచీర కట్టుకుని, మాటిమాటికీ వీధిలోకి చూస్తోంది.

"ఇంటాయన ఏరమ్మా?" అన్నారు మంత్రిగారు.

"వచ్చేత్తన్నారండి. ఈసారి తప్పకుండా వత్తానన్నారు."

"ముహూర్తం ఎవరికోసం ఆగుతుందమ్మా? ప్రభుత్వం ఉన్నది ఎందుకు?"

మంత్రిగారి చేతిలో కాయ ఒక్క దెబ్బకే రెండు చెక్కలయింది. మంత్రిగారు సోఫాలో కూర్చున్నారు. వాసు కూతురు ధనశ్రీని తెచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టారు. మొదటి ప్లేటు గుత్తివంకాయ ఆయనే రుచి చూసి భేష్ అన్నారు. డైరెక్టరు గారు యాప్ తెరిచి ఫోన్ పైకెత్తారు. అనూరాధ నవ్వలేదు. యాప్‌కు మగమనిషి నవ్వితే చాలు.

వాసు ఫోన్ టింగుమంది: 'వాసు గారూ, అభినందనలు! మీరు 6.30కి ఇల్లు చేరారు. జిల్లా నూటికి నూరు శాతం సాధించింది.'

వాసుకు ఏడుపొచ్చింది. బండి అక్కడే పడేసి, తాడు కింద నుంచి దూరి, చొక్కా తడిసిపోయేలా పరుగెత్తాడు. సందు మొదట్లో కాగితం పట్టుకున్న కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికండీ?"

"అది మా ఇల్లు. నేను ఇంటాయన్ని. మా ఆవిడ ఎదురుచూస్తోంది, వదలండి."

కానిస్టేబుల్ కాగితం మీద వేలు పెట్టి నిదానంగా చదివాడు. "ఇల్లాలు ఒకరు, పాప ఒకర్తి, ఇంటాయన ఒకరు. ముగ్గురికీ టిక్కు పడిపోనాది బాబూ. ఇంటాయన లోపల బోంచేత్తన్నారు. ఇల్లు చేరినోల్లని ఎవులూ డిస్టర్బ్ సెయ్యకూడదని ఆర్డరు."