ఆంజినప్ప నడుము వంగని ఆరు వారాలు

నడుము నొప్పి లేని మనిషిని నమ్మకండి!

కోపం తెచ్చుకోకండి, ముందు చెప్పేది వినండి. నడుము బాగున్నవాడు ఎక్కడ పడితే అక్కడ వంగిపోతాడు. ఎవరి ముందు వంగుతున్నాడో, ఎందుకు వంగుతున్నాడో చూసుకునే తీరిక కూడా వాడికి ఉండదు. మరి నడుము నొప్పి ఉన్నవాడు? కింద పడిన బీడీ కట్ట తీసుకోవాలన్నా ఐదు నిమిషాలు ఆలోచిస్తాడు. తీసుకోవాలా, పోతే పోనీ అనుకోవాలా అని లెక్క వేస్తాడు. జనంలో ఆలోచన తగ్గిపోయిందని సభలు పెట్టి బాధపడే పెద్దలకు ఒకటే మనవి. ఇంటికొక నడుము నొప్పి ఇప్పించండి. రేషన్ కార్డు మీద ఇచ్చినా సంతోషమే!

అటువంటి భాగ్యాన్ని జనం ఏం చేస్తున్నారు? మాత్రలు మింగి, స్ప్రేలు కొట్టి, ఆయింట్‌మెంట్లు రుద్ది వారం తిరక్కుండా తరిమేస్తున్నారు. ఎంత తొందరపాటు! మందుల జోలికి పోకుండా, నొప్పిని ఇంట్లో మనిషిగా చూసుకుంటూ నెలల తరబడి కాపాడుకున్నవాళ్ళకే దాని అసలు లాభాలు తెలుస్తాయి. నమ్మకం లేకపోతే ఆంజినప్ప సంగతి వినండి.

ఆంజినప్పది బెళుగుప్ప వైపు ఒక పల్లె. పేరెందుకులెండి, పేరు తెలిసి బాగుపడిన ఊరు ఏదైనా ఉందా? పదెకరాల మెట్ట, ఏటా శెనక్కాయ, ఏటా ఆకాశం వైపు చూపు. వయసు యాభై రెండు. తారు రోడ్డు దిగి ఆ పల్లెకు పోవాలంటే నాలుగు కిలోమీటర్లు, సరిగ్గా మధ్యలో ఒక వంక, వానొస్తే పారే వాగు. ఆ దారిన ఆటోలు రావు. ఎప్పుడైనా వచ్చినా మనిషికింత అని అడగరు, విరగబోయే స్ప్రింగుకింత అని అడుగుతారు.

ఈ జూన్‌లో ఆంజినప్ప విత్తనం బస్తాను బండి ట్యాంకు మీద పెట్టుకుని వస్తూ వంక దగ్గర గుంతలో దిగాడు. బండి లేచింది. బస్తా లేచింది. నడుము లేవలేదు.

మొదట్లో ఆయనా అందరిలాంటి తెలివి తక్కువ పనే చేశాడు. ఎనిమిది రోజులు మాత్రలు మింగాడు. కడుపులో మంట మొదలై అన్నం చూస్తేనే భయపడే స్థితికి వచ్చాడు. డాక్టరు మాత్రలు ఆపించి, ఇక మందులు లేకుండానే చూసుకొమ్మన్నాడు. అదృష్టం అలా తలుపు తట్టింది!

మందులు లేవని తెలియగానే ఊరంతా వైద్యులైపోయారు. నొప్పి చేసే మొదటి మేలు ఇదే కదా, పలకరించనివాడు కూడా ఇంటికొచ్చి కూర్చుంటాడు. పక్కింటి సుంకప్ప వేపకొమ్మ పట్టుకుని వేలాడమన్నాడు. ఆంజినప్ప వేలాడాడు, కొమ్మ విరిగింది. ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టుకోమని నరసింహులు చెప్పి పోయాడు. ఆ కాపడానికి నడుము సంగతేమో గానీ లుంగీకి రెండు బొక్కలు పడ్డాయి.

చివరికి బయమ్మను పిలిచారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు నడుము మీద మూడుసార్లు తంతే పట్టు వదులుతుందని మనవైపు ఎవరికి తెలియదు? ఆ చుట్టుపక్కల అలా పుట్టినది బయమ్మ ఒక్కతే. డెబ్బై రెండేళ్ళ మనిషి, కాలెత్తాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆదివారం పొద్దున్నే, పరగడుపున, ఇద్దరు పట్టుకున్నారు, బయమ్మ తన్నింది. మూడో తన్నుకు బయమ్మ తుంటి పట్టేసింది. ఆమెను తన్నడానికి ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఇంకెవరున్నారని ఆ సాయంత్రం దాకా నాలుగు ఊళ్ళు వెతికారు.

ఇక లాభం లేదని భార్య గంగక్క ఆయన్ను అనంతపురం తీసుకుపోయింది. అక్కడ ఫిజియోథెరపీ చేసే రెబెకా అనే అమ్మాయి ఒక్క మాత్ర కూడా రాయలేదు. రోజూ రెండు పూటలా నడవమంది. బోర్లా పడుకుని చేతులు ఆనించి ఛాతీ వరకు లేవమంది. నొప్పని మంచం ఎక్కొద్దంది, ఎక్కువసేపు కూర్చోవద్దంది. బరువెత్తాలంటే మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా ఉంచి ఎత్తమంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి చెప్పింది.

"ఆరు వారాలు ముందుకు వంగొద్దు అంకుల్. అస్సలు వంగొద్దు."

ఆంజినప్ప లేవబోయి ఆగాడు. "సోమవారం సోమవారం ఒకాయన కాళ్ళు మొక్కాలమ్మా. దానికేమన్నా వ్యాయామం ఉండాదా?"

"దానికి నా దగ్గర వ్యాయామం లేదు అంకుల్. మానేయండి."

మానేయాలట! ఎంత తేలిగ్గా చెప్పేసింది! ఆ ఒకాయన ఎవరో మీకు తెలియాలి. ఊళ్ళవాళ్ళంతా ఆయన్ను పెద్దాయన అంటారు. వయసులో ఆంజినప్ప కన్నా నాలుగేళ్ళు చిన్న, అయినా పెద్దాయనే. బోరు కనెక్షన్ కావాలన్నా, పింఛను రావాలన్నా, రోడ్డు పడాలన్నా ఆయన నోటి నుంచి మాట రావాలి. సోమవారం పొద్దున ఆయన ఇంటి వసారాలో యాభై మంది వరుసలో నిలబడతారు. ఒక్కొక్కరే ముందుకు పోయి వంగి కాళ్ళు ముట్టుకుంటారు. ఆయన ఎడమ చేత్తో ఫోను చూసుకుంటూ కుడి చెయ్యి తల మీద పెట్టి "బాగుండావా" అంటాడు. తల మారుతూ ఉంటుంది, మాట మారదు.

ఆంజినప్ప పదకొండేళ్ళుగా వంగుతున్నాడు. జేబులో రోడ్డు కోసం రాయించిన అర్జీ ఒకటి ఎప్పుడూ ఉండేది. వంగి లేచేసరికి వెనకవాడు వంగేవాడు, ఇక అర్జీ తీసేదెప్పుడు? చెమటకు తడిసి చినిగిపోతే మూడుసార్లు కొత్తగా రాయించాడు. పదకొండేళ్ళలో పెద్దాయన చెప్పులు మారిన ప్రతిసారీ ఆంజినప్పకు తెలిసింది. ముఖం ఎలా ఉంటుందో చెప్పమంటే మాత్రం ఫ్లెక్సీలు చూసి చెప్పాలి.

ఈ ఏడు వంగకపోతే కుదరదు. ఎందుకంటే కూతురు హేమావతికి ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలని గంగక్క పట్టుబట్టింది. ఆ దారిన ఎలా పంపేదని వియ్యపురాలు జంకింది. జంకదా మరి? నిరుడు ఆ ఊరి కోడలొకతె నొప్పులు పడుతూ ట్రాక్టర్‌లో ఆ నాలుగు కిలోమీటర్లు పోయింది. అంబులెన్సు తారు రోడ్డు మీద ఎదురు చూస్తూ ఉంటే బిడ్డ ట్రాలీలోనే పుట్టాడు. కాన్పు నాటికి రోడ్డు వేయిస్తానని ఆంజినప్ప వియ్యపురాలికి మాట ఇచ్చి కూతుర్ని తెచ్చుకున్నాడు. ఆ మాట ఇచ్చిన రోజు నుంచి ఆయనకు సరిగ్గా నిద్ర లేదు.

అందుకే రెబెకా చెప్పిన పద్ధతినే కాళ్ళు మొక్కడానికి మలుచుకోబోయాడు. మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా పెట్టి, చేతులు ముందుకు చాచి నడవలో సాధన చేశాడు. గంగక్క చూసింది.

"ఏమయ్యా, ఎవరి బర్రెను పిండుతాండావు?"

అంతే, ఆ ఆలోచన వదిలేశాడు. సోమవారం వచ్చింది. గంగక్క తన పాత చీర మడిచి ఆయన నడుముకు గట్టిగా బిగించి, పైన చొక్కా వేసి పంపింది.

వరుస కదిలింది. ఆంజినప్ప వంతు వచ్చింది. చేతులు జోడించి నిలువునా నిలబడ్డాడు. పెద్దాయన కుడి చెయ్యి అలవాటు చొప్పున కిందికి దిగింది. తల తగల్లేదు. ఇటు వెతికింది, అటు వెతికింది, గాలిలో ఆగిపోయింది. అప్పుడు ఫోను నుంచి కళ్ళు పైకి లేచాయి. పదకొండేళ్ళలో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి!

"ఏమప్పా?" అన్నాడు పెద్దాయన.

నడుము నొప్పన్నా అని చెప్పాలనే ఆంజినప్ప అనుకున్నాడు. దారి పొడవునా ఆ మాటే వల్లె వేసుకుంటూ వచ్చాడు. తీరా భయానికి ఆ మాట మరిచిపోయి, చెయ్యి దానంతటది జేబులోకి పోయి, అర్జీ బయటికి వచ్చి, "రోడ్డన్నా" అన్నాడు.

పెద్దాయన అర్జీ చదవలేదు, ఆంజినప్పను పైనుంచి కిందికి చదివాడు. వంగలేదంటే ఏమిటి అర్థం? అవతలి పార్టీవాళ్ళు మాట్లాడి ఉండాలి! వీడు సర్పంచికి నిలబడబోతూ ఉండాలి! లేకపోతే ఇంత ధైర్యం ఎక్కడిది? వీడి వెనక ఎవరున్నారు? పాపం, ఆంజినప్ప వెనక ఉన్నదల్లా గంగక్క పాత చీర ఒకటే.

గురువారానికి తారు రోడ్డు మొగదల జేసీబీ దిగింది. శుక్రవారం కంకర టిప్పర్లు వచ్చాయి. మీ పార్టీలు, మీ ధర్నాలు, మీ వాట్సాప్ గ్రూపులు చేయలేని పని నాలుగు రోజుల్లో చేసి చూపించింది ఎవరండీ? వెన్నుపూసల మధ్య పట్టేసిన ఒక నరం!

రెండో సోమవారమూ ఆంజినప్ప నిటారుగానే నిలబడ్డాడు. పెద్దాయన కుర్చీ తెప్పించాడు. ఎక్కువసేపు కూర్చోవద్దన్న రెబెకా మాట గుర్తొచ్చి వద్దన్నాడు. కుర్చీ కూడా వద్దన్నాడంటే పెద్ద బేరమే అయి ఉంటుందని అనుచరులు గుసగుసలాడారు. రోడ్డు రోలర్ వచ్చింది. మూడో వారం టీ కూడా వచ్చింది.

ఊళ్ళో ఆయన మొనగాడైపోయాడు. "నడుము నొప్పప్పా, నా బిడ్డల సాక్షిగా!" అని మొత్తుకున్నాడు. సుంకప్ప కన్నుకొట్టి, "అట్లే చెప్పాలన్నా, బయటికి అట్లే చెప్పాలి" అన్నాడు. నిజం చెప్పినా నమ్మని గౌరవం ఎంతమందికి దక్కుతుంది?

ఆరో వారానికి నున్నటి రోడ్డు వంక దాకా వచ్చింది. రెండు కిలోమీటర్లు! ఆంజినప్ప పొద్దునా సాయంత్రం దాని మీదే నడిచాడు. బోర్లా పడుకుని లేచాడు. కుదుపులు సగానికి తగ్గాయి. అనంతపురం పోతే రెబెకా అటు తిప్పి ఇటు తిప్పి చూసి, సంతోషంగా చెప్పింది.

"బాగైపోయింది అంకుల్. ఇంక మెల్లగా వంగొచ్చు."

ఏం అమ్మాయండీ! ఇంత మంచి పనితనం ఎవరు చూపించమన్నారు?

ఏడో సోమవారం ఆంజినప్ప మనసు నిండిపోయి వసారాలో నిలబడ్డాడు. రెండు కిలోమీటర్లు వేయించిన మహానుభావుడికి ఏమిచ్చి రుణం తీర్చుకోవాలి? తన వంతు వచ్చింది. ముందుకు పోయాడు. ఎదురుగా ఆ పాదాలు కనిపించాయి. ఆయన ఏమీ అనుకోలేదు, నడుమే అనుకుంది. వంగిపోయాడు.

కుడి చేతికి తల దొరికింది. పెద్దాయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. కళ్ళు ఫోనులోకి దిగిపోయాయి.

"బాగుండావా."

మంగళవారం జేసీబీ వెళ్ళిపోయింది. బుధవారం రోలర్ వెళ్ళిపోయింది. రోడ్డు వంక దగ్గర ఆగింది. అవతల రెండు కిలోమీటర్లు, ఆంజినప్ప నడుము విరిచిన ఆ గుంతతో సహా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. హేమావతికి తొమ్మిదో నెల వచ్చింది. పిల్ల అరుగు మీద కూర్చుని కడుపు మీద చెయ్యి వేసుకుని దారి వైపు చూస్తుంటే ఆంజినప్ప సగం తిన్న కంచం పక్కకు జరిపి లేచిపోయేవాడు.

ఊరు కూడా ఊరికే లేదు. "నొప్పి ఏమన్నా తిరిగొచ్చెనా అన్నా?" అని సుంకప్ప రోజూ పొద్దున్నే వచ్చి అడుగుతున్నాడు. కావాలంటే ఈసారి అవతలి వైపు నుంచి తంతానని బయమ్మ కబురు పెట్టింది.

ఆదివారం సాయంత్రం గంగక్క చేను నుంచి వచ్చింది. దినమంతా వంగి కలుపు తీసిన మనిషి, రెండు చేతులూ నడుముకు ఆనించి మెల్లగా నిటారు అయింది. ఆమె నడుముకు ఏ రెబెకా లేదు, ఆ సంగతి ఆంజినప్పకు అప్పుడే తట్టింది.

"మేము వంగితే కలుపన్నా పోతాది. నువ్వు పదకొండేండ్లు వంగితివే, ఏమొచ్చె? ఆరు వారాలు నిలబడితే వంక దాకా రోడ్డొచ్చె."

"కావాలని వంగలేదే. కాళ్ళు కనపడితే అదే వంగిపోయింది."

"మళ్ళా సోమవారం నిలబడు."

"నిలబడాలనే ఉండాది. నడుము బాగుంటే నిలబడలేకపోతాండా, గంగా." ఆ మాట అంటుంటే ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

గంగక్క లోపలికి పోయి బియ్యం మూటను నడవ మధ్యకు ఈడ్చుకొచ్చింది. దాని పక్కన తన పాత చీర మడిచి పెట్టింది.

"ఈ మూట ఎత్తి ఆ మూల పెట్టు."

ఆంజినప్ప మూట దగ్గరికి పోయాడు. రెబెకా నేర్పినట్టు కాళ్ళు ఎడం చేసి, నడుము నిటారుగా పెట్టి, మోకాళ్ళు వంచబోయాడు.

"మోకాళ్ళు వంచొద్దు," అంది గంగక్క. "నడుం వంచి ఎత్తు."