తెల్లబడిన ఉత్తర్వు

ఆ జిల్లా కుటుంబ న్యాయస్థానంలో వకీలు లేనివాళ్ళకు ఏ కాగితం ఇచ్చినా, చేతికి అందిన మరుక్షణం దాని మీది అక్షరాలు మాయమవుతాయి.

నూకరత్నానికి ఈ సంగతి మొదటిరోజు తెలియదు. ఆమె స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో పనిచేసేది. భర్త వేరుపడి ఆరేళ్ళ కూతురు సుమశ్రీని తన దగ్గరే ఉంచుకున్నాడు. ఐదు నెలలుగా చూడనివ్వలేదు. పాపను చూసే వీలు కల్పించమని అడగడానికి వచ్చిన ఆమెకు గుమాస్తా భానోజీరావు నాలుగు పేజీల దరఖాస్తు అందించాడు.

"బాబూ, ఇందులో ఏటీ నేదండి," అంది ఆమె.

"ఉందమ్మా. వకీల్ని పెట్టుకుంటే కనబడుతుంది," అన్నాడు ఆయన ఓపికగా.

ఈ కోర్టుకు వకీలు తప్పనిసరి కాదని చట్టంలోనే ఉంది. ఆ మాట గోడకు కూడా అంటించారు. ఆమెకు గోడ మాత్రమే కనిపించింది. చదివి చెప్పమంటే, అది న్యాయ సలహా కిందికి వస్తుందనీ, సిబ్బంది చెప్పకూడదనీ భానోజీరావు బాధపడ్డాడు. వకీలు లేనివాళ్ళ కోసమే కొత్తగా సమాచార కేంద్రం తెరిచామని కింది అంతస్తుకు పంపాడు. అక్కడ అరవై పేజీల పుస్తకం ఇచ్చారు. అదీ తెల్లగానే ఉంది గాని, అట్ట చాలా బాగుంది.

వరండాలో బల్ల మీద కూర్చున్న అప్పలనరసమ్మ జరిగి చోటిచ్చింది. వాయిదాకు రాకపోతే కేసు కొట్టేస్తారని ఆవిడకు తెలుసు, ఎందుకంటే ఆవిడ కేసు అలాగే పోయింది. ఆ పక్కావిడకు ప్రతి పేజీలోనూ సంతకం ఉండాలని తెలుసు. అక్కడ ఎవరికైనా తాము పోగొట్టుకున్న మేరకే చట్టం తెలుసు. నూకరత్నం మూడు రోజులు వాళ్ళ మధ్య కూర్చుని, అందరి నష్టాలూ అడిగి తెలుసుకుని, తన దరఖాస్తు తనే రాసుకుంది. వాయిదా ఎప్పుడో తెలియక, పేరు పిలిచేదాకా రోజూ వెళ్ళింది. షాపులో పని పోయింది.

జడ్జిగారు ఆమె చెప్పింది శ్రద్ధగా విన్నారు. పాపను కోర్టులోని పిల్లల గదిలో చూడవచ్చనీ, ఏ రోజుల్లో అన్నది ఉత్తర్వులో ఉంటుందనీ అన్నారు. ఉత్తర్వు ఆమె చేతికి రాగానే తెల్లబడింది. భర్తకిచ్చిన ప్రతిని అతని వకీలు తీరిగ్గా చదివి, మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి నూకరత్నం రోజూ ఆ గదిలో కూర్చోసాగింది. పందొమ్మిదో రోజున సుమశ్రీ వచ్చింది. కాసేపు గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత దగ్గరకొచ్చి, పన్ను ఊడిన చోటు చూపించింది. నూకరత్నం ఆ చిగురు మీద వేలు పెట్టి, నొప్పి పుట్టిందా అని అడిగింది. లేదంది పాప. రెండు గంటల గడువు కాగానే తీసుకెళ్ళడానికి తండ్రి వచ్చాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?" అని అడిగింది సుమశ్రీ.

"నానిక్కడే ఉంటాను. నువ్వొచ్చిన్నాడు కనబడతాను."

పాపకు అది సబబుగానే తోచింది. సోమవారం బడిలో టీచరు పిల్లల వివరాలు నింపుతూ, మీ అమ్మ ఎక్కడుంటుందని అడిగింది. కోర్టులో అని చెప్పింది సుమశ్రీ. టీచరు ఇంకేమీ అడగకుండా అలాగే రాసుకుని, తర్వాతి పిల్లను పిలిచింది.