ఇంటికి పెళ్లిచూపులు

పదకొండింటికి కొనేవాళ్లు వస్తారు. ఆలోగా ఇల్లు తుడవాలి, పూలు సర్దాలి, పాత సామాను వీధి మూలకు చేర్చాలి, ఆ తర్వాత వంటింట్లో నిలబడి గట్టిగా ప్రార్థన చేసుకోవాలి. హుజూరాబాద్‌లో మేనత్త రిబ్కమ్మ ఇంటి తాళం తీస్తూ స్తుతి వేసుకున్న లెక్క ఇంతే.

అమ్మకానికి పెట్టిన ఇంటిని ముస్తాబు చేసి చూపించడం ఆమె కొత్తగా మొదలుపెట్టిన వ్యాపారం. కరీంనగర్‌లో ఒక బడి ఆఫీసులో చేస్తున్న ఉద్యోగం మానేసి మరీ దిగింది. పిల్లకు పెళ్లిచూపులుంటే జడ వేసి, చీర కట్టి కూర్చోబెడతాం కదా, ఇంటికెందుకు చెయ్యకూడదని అందరినీ అడిగేది. అందరూ నిజమేననేవారు. ఇల్లు మాత్రం ఎవరూ ఇచ్చేవారు కాదు. రిబ్కమ్మ నర్సుగా రిటైరై, కూతురు గ్రేస్ దగ్గర ఉందామని కరీంనగర్ ఫ్లాటుకు మారింది కనుక, ఏడాదిగా తాళం వేసి ఉన్న తన ఇంటిని ఆమే మేనకోడలి చేతిలో పెట్టింది. ఇది అమ్ముడుపోతే వ్యాపారం నిలుస్తుంది. లేకపోతే సోమవారం మళ్లీ ఆ బడి ఆఫీసు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడాలి. స్తుతి వాళ్లింట్లోని సోఫా, దీవాన్, కర్టెన్లు అన్నీ ఇక్కడికే తెచ్చేయడంతో భర్త వెస్లీ నేలమీద కూర్చుని తింటున్నాడు.

ఈ పనిలో మొదటి నియమం, పాత మనిషి జాడ ఇంట్లో కనిపించకూడదు. స్తుతి గోడల మీది ఫొటోలు దించేసింది. మేనత్త దూది పరుపు, తలగడ, రెండు వెలిసిన చీరలు, అరిగిన చెప్పులు మునిసిపాలిటీ బండి తీసుకుపోయేలా వీధి మూలన పెట్టి వచ్చింది. రెండో నియమం, తెలుపు రంగు గదిని పెద్దదిగా చూపిస్తుంది. ముందు గదిలో దీవాన్ మీద తెల్ల దుప్పటి పరిచింది. జాడీల నిండా తెల్ల చామంతులు పెట్టింది. వాసన బాగుంటుందని ఒక కొవ్వొత్తి వెలిగించింది.

ఎదురింటి రోజారాణి పాల ప్యాకెట్ కోసం బయటికొచ్చి పరుపు చూసింది. ఆ వాడలో మనిషి బతికుండగా పరుపు వీధిలో పడదు. మనిషి పోయాకే పరుపు, తలగడ, చెప్పులు కలిసి మూలకు చేరతాయి. పైగా రిబ్కమ్మకు కిందటి నెలలోనే మోకాలి ఆపరేషన్ అయింది. తలుపు సందులోంచి తెల్ల దుప్పటి, పూలు, కొవ్వొత్తి కనిపించాయి. కరీంనగర్ నుంచి శవం వచ్చేలోగా మేనకోడలు అన్నీ సర్దుతోందనుకుంది. ఇలాంటప్పుడు పోయి అడగడం మర్యాద కాదు. రోజారాణి కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి పోయి చర్చి అయ్యగారికి ఫోన్ చేసింది.

కాసేపటికి చర్చి గంట ఆగి ఆగి మోగడం మొదలైంది. ఎవరో పాపం, ఇవాళే పోవాలా అనుకుంది స్తుతి. వచ్చేవాళ్లు పద్మశాలీలు, శకునం చూసుకునేవాళ్లు. శవం ఎదురైతే వెనక్కి తిరిగిపోతారు. ఆమె గబగబా కిటికీలు మూసింది. మూసేలోపే వాడలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే గేటు తోసుకుని వచ్చారు. సోఫాను గోడకు జరిపి నేలమీద కూర్చున్నారు. రోజారాణి వచ్చి స్తుతిని గుండెకు హత్తుకుంది.

"ఏడువు బిడ్డా, లోపల దాసుకోకు. మీ అత్తసొంటి మనిషి మల్ల దొరకదు."

అత్తమ్మకేమైందని స్తుతి తడబడుతూ అడిగింది. రాత్రే మాట్లాడానని, బాగానే ఉందని చెప్పింది.

"రాత్రి మంచిగనే ఉంటరు. పొద్దుగాల సూస్తె ఉండరు" అంది రోజారాణి. తర్వాత పక్కవాళ్ల వైపు తిరిగి, "దుక్కంల పిల్లకు సోయి తప్పింది" అంది.

ఎవరు చెప్పారని స్తుతి అడిగితే చర్చి వైపు చూపించారు. అయ్యగారు ఊరికే గంట కొట్టించరు కదా. వెంటనే మేనత్తకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. గ్రేస్‌కు చేసింది. బిజీ. మళ్లీ చేసింది. మళ్లీ బిజీ. ఆపరేషన్ చేసిన డాక్టరు, కాలిలో రక్తం గడ్డ కట్టకుండా చూసుకోవాలని చెప్పిన మాట గుర్తొచ్చింది. అంతలోనే ఇంకోటి గుర్తొచ్చింది. మనిషి ఉండగానే ఆమె పరుపు తీసుకెళ్లి వీధిలో పడేసింది తనే.

చెప్పులు కూడా వేసుకోకుండా మూలకు పరుగెత్తింది. పరుపును వెనక్కి తెచ్చేస్తే ఏదో ఆగుతుందన్నట్టు పరుగెత్తింది. మునిసిపాలిటీ బండి వచ్చి పోయింది. అక్కడ ఒక చెప్పు మాత్రమే మిగిలింది. దాన్ని పట్టుకుని తిరిగొచ్చేసరికి గేటు ముందు షామియానా లేచింది. టెంట్‌హౌస్ హనుమండ్లు ట్రాలీలోంచి ఫ్రీజర్ పెట్టె దింపిస్తున్నాడు.

"ప్లగ్గు ఏడున్నది అక్కా? గీ టేబులు జర జరిపితె పెట్టె సరిపోతది."

స్తుతి చెప్పు పట్టుకునే టేబులు జరిపింది. దాని మీద అందంగా పేర్చిన కప్పులు నేల మీదికి దిగాయి. ఇక ఆమెకు ఇల్లూ గుర్తు లేదు, బేరమూ గుర్తు లేదు. దీవాన్ పక్కన కూలబడి నిజంగానే ఏడ్చింది. ఆమె ఏడుపు చూసి అంతవరకు కాస్త అనుమానమున్నవాళ్లు కూడా నమ్మారు.

పదకొండింటికి సిద్దిరాములు, అనసూర్య దిగారు. భివండిలో మరమగ్గాల మీద బతుకంతా గడిపి, సొంత ప్రాంతంలో స్థిరపడదామని వచ్చిన దంపతులు. షామియానా చూసి అనసూర్య గేటు దగ్గరే భర్త చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. చావింటి గడప దాకా వచ్చి వెంటనే తిరిగిపోవడం కూడా బాగుండదని ఇద్దరూ చివరి కుర్చీల్లో కూర్చున్నారు. ఎవరో వాళ్ల చేతిలో టీ పెట్టారు. స్తుతి వాళ్లను చూసింది. సోమవారం నాటి ఆ ఆఫీసు గుమ్మం కళ్లముందు తెరుచుకుంది.

అప్పుడే ఆటో ఒకటి షామియానా గుంజకు తగులుతూ ఆగింది. అందులోంచి వాకర్ దిగింది. వాకర్ వెనక, గుండె బాదుకుంటూ రిబ్కమ్మ, ఆమె వెనక గ్రేస్ దిగారు.

"ఓ నా స్తుతీ, నా ఇల్లు నిన్ను మింగెనా బిడ్డా."

పాట ఎత్తుకోబోయిన అయ్యగారు నోరు తెరిచినట్టే ఉండిపోయారు. స్తుతి చేతిలోని చెప్పు జారింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఎవరు బతికున్నందుకు ఎవరు ఏడవాలో తెలియక కలిసి ఏడ్చారు. తల్లి పోయిన పిల్ల ముందు చావు మాట ఎత్తకూడదని అయ్యగారు గ్రేస్‌తో, హుజూరాబాద్ ఇంటికి జల్ది రండి, మేం చూసుకుంటున్నాం అని మాత్రమే అన్నారట. ఇంట్లో ఉన్నది స్తుతి ఒక్కతే కదా, ఆమెకే ఏదో అయిందనుకున్నారు తల్లీకూతుళ్లు. కంగారులో రిబ్కమ్మ ఫోన్ ఇంట్లోనే మరిచిపోయింది. స్తుతి ఫోన్ చేసినప్పుడే గ్రేస్ కూడా స్తుతికి చేస్తోంది, అందుకే ఇద్దరికీ బిజీ.

"మరి పెట్టె ఎవరికి?" అన్నాడు హనుమండ్లు.

రిబ్కమ్మ వాకర్ పట్టుకుని లోపలికొచ్చింది. నేలమీద కూర్చున్న ఆడవాళ్లను, కుర్చీల్లోని మగవాళ్లను, వంటింట్లో టీ కాస్తున్న చేతులను ఒక్కొక్కటిగా చూసింది. అందరూ తనకోసమే వచ్చారా అని మెల్లగా అడిగింది. ఫ్లాట్లో ఏడాదిగా ఎదురు తలుపు మనిషి పేరు కూడా తెలియదు ఆమెకు. తర్వాత తెల్ల కర్టెన్లను, పూలను, పెద్దదిగా కనిపిస్తున్న ముందు గదిని చూసింది. సోఫాలో కూర్చుని కాలు చాపింది.

చివరి కుర్చీలోంచి సిద్దిరాములు లేచి ముందుకొచ్చాడు.

"భివండిల మా అవ్వ పోతె ఎత్తెటందుకు నలుగురు దొరకలే. ఇల్లు నేను సూడ సుత సూడలే అమ్మా, ఎంతంటె అంతకు తీసుకుంట. గీ వాడల నాకు జాగ గావాలె."

"గందుకే నేను అమ్మనయ్యా" అంది రిబ్కమ్మ.

ఆమె మళ్లీ అక్కడే కాపురం పెట్టింది. సోఫా మాత్రం పంపించలేదు. స్తుతి ఆ సోమవారం బడికి పోలేదు, ఎందుకంటే రోజారాణి తన ముందు గది కూడా అంత తెల్లగా చేసిపెట్టమంది, ఆమె గది చూసి పక్కింటివాళ్లు అడిగారు. సిద్దిరాములు ప్రతి ఆదివారం వచ్చి ఎవరైనా అమ్ముతారేమోనని కనుక్కుని పోతున్నాడు.

ఆ వాడలో ఇప్పటికి స్తుతి నాలుగు ఇళ్లు ముస్తాబు చేసింది, ఒక్కటీ అమ్ముడుపోలేదు.