శాంపిళ్ల అలమరలో స్టౌట్

ఆ ఉదయం ఆ ఇద్దరూ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెళ్లయి ఆ రోజుకు రెండు నెలలు. సాయంత్రం బాల్కనీలో రెండు కుర్చీలు వేసుకోవాలి, రెండు గ్లాసుల్లో ఇంపీరియల్ స్టౌట్ అనే నల్ల బీరు పోసుకోవాలి, చీకటి పడేదాకా కొంచెం కొంచెంగా తాగాలి. అంతే. ఇంతకన్నా తక్కువ కోరుకున్న దంపతులు ఆ వీధి మొత్తంలో లేరు.

ఈ స్టౌట్ పిచ్చి వాళ్లకు పెళ్లయిన కొత్తలో చేసిన ప్రయాణంలో పట్టుకుంది. గ్లాసులో పోస్తే అవతలి వైపు దీపం కూడా కనబడనంత నలుపు, దాని మీద కాఫీ రంగు నురుగు. మొదటి గుక్కకు ఆమె మొహం చిట్లించింది. రెండో గుక్కకు కళ్లు మూసుకుంది. మూడో గుక్కకు అతని గ్లాసు కూడా తన వైపు లాక్కుంది. "మాడిన రొట్టె ఇంత బాగుంటుందని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేంటి?" అంది. ఆ మాటకు అతను మళ్లీ పెళ్లికి సిద్ధమైపోయాడు, అదే పిల్లతో.

వాళ్ల ఊళ్లో ఒక గడ్డం పెద్దమనిషి చిన్న బట్టీ పెట్టుకుని సొంత పద్ధతిలో క్రాఫ్ట్ బీరు కాస్తాడు. స్టౌట్ మాత్రం ఏడాదికి ఒక్కసారే, ముందుగా చెప్పుకున్నవాళ్లకు మనిషికొక సీసా. గోధుమరంగు గాజు సీసా, దానికి పేరూ ఊరూ ఏమీ ఉండదు. అతను ఆఫీసుకు వెళ్తూ దారిలో ఆగి సీసా తీసుకున్నాడు. దాన్ని మరీ ఐసులా చల్లబరిస్తే రుచి చచ్చిపోతుందనీ, ఎండలో ఉంచితే బొత్తిగా చచ్చిపోతుందనీ, పన్నెండు డిగ్రీల దగ్గర ఉంచితే కాఫీ, చాక్లెట్, ఎండుద్రాక్ష వరసగా వచ్చి పలకరిస్తాయనీ గడ్డమాయన పసిబిడ్డను అప్పగిస్తున్నట్టు చెప్పి మరీ ఇచ్చాడు.

వాళ్లింట్లో ఫ్రిజ్‌కు పన్నెండు డిగ్రీలు తెలియవు. అందులో పాలు పెడితే సుత్తితో కొట్టుకోవాలి. అలాంటి చల్లదనం అతనికి తెలిసినంతలో ఒక్కచోటే ఉంది. అది అతను పనిచేసే నీటి పరీక్షల ల్యాబ్‌లోని శాంపిళ్ల అలమర.

అతను అక్కడ అసిస్టెంటు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ల్యాబ్‌కు పెద్ద కెమిస్టు మేడమ్. ఆవిడ పెట్టిన శాసనాలు రెండు. ఆ అలమరలో తినేవీ తాగేవీ పెట్టినవాడు మర్నాడు రానక్కర్లేదు. ఆ అలమరలో ఉన్న ప్రతి సీసానూ ఎవరినీ ఏమీ అడగకుండా పరీక్ష చేయాలి. అడిగితే జవాబు చెప్పేవాడి మొహం చూసి ఫలితం మారుతుందని ఆవిడ నమ్మకం. అతనికి ఈ రెండూ తెలుసు. అయినా కొత్త కాపురం కదా, ధైర్యం కాస్త ఎక్కువగా ఉంటుంది. సీసాను కింది అరలో వెనక్కి తోసి, గుర్తుగా మెడకు తన చేతిరుమాలు కట్టి, నీళ్లు పట్టుకు రావడానికి ఊరి చివరి రిజర్వాయరుకు వెళ్లిపోయాడు.

ఆ సంబరంలో ఒక పని మరిచాడు. రోజూ తమ వీధి శాంపిలును తన వంటింటి కుళాయి నుంచే పట్టి తెచ్చేవాడు. ఆ రోజు తేలేదు.

మేడమ్ అన్ని వీధుల సీసాలూ చూసింది. ఒక్క వీధి తక్కువైంది. ఒక్క సీసా ఎక్కువైంది. దాని మెడకు ఆ వీధి కుర్రాడి రుమాలుంది. ఇంకేం కావాలి. ఆవిడ మూత తిప్పింది. ఆవిడ సర్వీసులో నీళ్లు బుస కొట్టడం అదే మొదటిసారి.

బీకరులో పోస్తే నల్లగా ఉంది. కదిపితే నురుగొచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడు వాసన. ఆమ్లం చూస్తే ఉండవలసిన దానికన్నా ఎంతో ఎక్కువ. నీటి రంగును పోల్చి చూసే గాజు పలకల్లో అన్నిటికన్నా ముదురుది పలచని టీ రంగు, ఆ పైన ప్రభుత్వం ఊహించలేదు. మేడమ్ తన పై అధికారి అయిన చీఫ్‌కు ఫోన్ చేసింది. చీఫ్ పంపుల ఇంజనీరుకు చేశాడు. మాడు వాసనంటే మోటారు కాలి ఉంటుందనీ, నురుగంటే ఎక్కడో సబ్బుల కార్ఖానా పైపు కలిసి ఉంటుందనీ, నలుపంటే రెండూ జరిగి ఉంటాయనీ తేల్చుకుని వీధికి నీళ్లు కట్టేశారు. మైకు కట్టిన జీపు బయల్దేరింది. దాని వెనకాలే సాక్ష్యంగా సీసా చేత పట్టుకుని చీఫ్ కూడా బయల్దేరాడు.

రిజర్వాయరు దగ్గర ఉన్న అతనికి భార్య ఫోన్ చేసింది. బ్యాంకులో సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చి, తల నిండా షాంపూ పట్టించుకున్నాక కుళాయి ఆగిపోయిందని చెప్పింది.

"మన నీళ్లు నల్లగా మారిపోయాయని మైకులో అరుస్తున్నారు. ఇప్పుడే కదా తాగాను, మామూలుగానే ఉన్నాయి. నా కళ్లకేమైనా అయిందంటావా?"

అతను కంగారుపడి ల్యాబ్‌కు ఫోన్ చేశాడు. రుమాలు కట్టిన సీసా సంగతి మేడమ్ చెప్పగానే, అతనికి విషయం అర్థమైంది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే వీధి ఎండుతుంది, పైగా భార్య నెత్తి మీద నురుగు.

"మేడమ్, అది మా వీధిది కాదండీ. నాది."

అవతలి నుంచి, ఆ ల్యాబ్‌లో ఎవరూ ఎప్పుడూ వినని మెత్తని గొంతు వినిపించింది. "ఎన్నాళ్లుగా ఇలా నల్లగా వస్తోంది నాయనా? కొత్తగా పెళ్లయినవాడివి, డాక్టరుకు చూపించుకోకపోతే ఎలా?"

అది తన ఒంట్లోంచి వచ్చింది కాదని అతను చెప్పబోయాడు. సిగ్గుపడే విషయమేమీ కాదని ఆవిడ ఓదార్చింది. ఆ ఓదార్పు ఎంతకూ ఆగేలా లేదని, చీఫ్‌కు ఫోన్ చేసే ఆలోచనే ఆవిడకు లేదని గ్రహించి అతను స్కూటరెక్కాడు.

వీధి తిరనాళ్లలా ఉంది. చీఫ్ జీపు మెట్టు మీద నిలబడి సీసా ఎత్తి చూపిస్తున్నాడు. చూసినవాళ్లందరికీ ఏదో ఒకటి గుర్తొస్తోంది. పక్కింటి తాతయ్యకు నెల నుంచీ మంచినీళ్లు కాఫీ వాసనేస్తున్నాయట, ఇంట్లోవాళ్లు వయసైపోయిందని కొట్టిపారేశారట. ఎదురింటామెకు టీ పొడి సగమే పడుతోందట, ఇప్పుడు తెలిసింది ఎందుకో. పంపుల ఇంజనీరు మోటారు విప్పి చూశాడు, అది నిక్షేపంగా తిరుగుతోంది. కాలిపోయిన మోటారు అంత బాగా తిరగడమే తనకు అనుమానంగా ఉందని అతను చీఫ్ చెవిలో చెప్పాడు. ఈలోగా తాతయ్య కాస్త తూలాడు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు.

కొత్త పెళ్లికొడుకు జనాన్ని తోసుకుంటూ చీఫ్ ముందుకొచ్చాడు.

"సార్, అవి నీళ్లు కావు. బీరు. అలమరలో నేనే పెట్టాను. నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి, నీళ్లు మాత్రం వదిలేయండి."

చీఫ్ అతన్ని జాలిగా చూశాడు. "బీరు పచ్చగా ఉంటుందోయ్. ఆ మాత్రం నాకు తెలీదా?"

బార్లీని నల్లగా అయ్యేదాకా వేయిస్తే ఈ రంగు వస్తుందని అతను వివరించాడు. వివరించేకొద్దీ జనం ఒక్కో అడుగు వెనక్కి జరిగారు. పాపం ఆ నీళ్లు ఇతనే ఎక్కువ తాగి ఉంటాడని ఎదురింటామె నెమ్మదిగా అంది. ఇక నోటి మాటతో కాదనుకున్నాడు. చీఫ్ చేతిలోంచి సీసా లాక్కుని గటగటా రెండు గుక్కలు తాగేశాడు.

వీధి మొత్తం ఊపిరి బిగబట్టింది. కాఫీ వచ్చింది, చాక్లెట్ వచ్చింది, వెనకాలే ఎండుద్రాక్ష. తన ప్రమేయం లేకుండానే అతని మొహం నిండా నవ్వు పరుచుకుంది.

"చూశారా, నవ్వుతున్నాడు," అన్నాడు చీఫ్. "నరాలకెక్కేసింది."

అప్పుడొచ్చింది భార్య, తలకు తువ్వాలు చుట్టుకుని, చెవి పక్కన ఎండిన నురుగుతో. మొగుణ్ణి చూసింది. సీసాను చూసింది. వాసన పీల్చింది. క్షణంలో అన్నీ అర్థమయ్యాయి. తమ సాయంత్రం మళ్లీ చీఫ్ చేతికి పోబోతోందన్నది అందరికన్నా ముందు అర్థమైంది. ఆమె సీసా అందుకుంది.

"మా ఆయనకేమైతే నాకూ అదే కానీండి," అని అందరికీ వినబడేలా చెప్పి, గట్టి గుక్క ఒకటి వేసింది.

ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. అంబులెన్సు వచ్చింది. తాతయ్య తనకు బాగానే ఉందని, ముందు చిన్నవాళ్లను ఎక్కించండని దారిచ్చాడు. చీఫ్ సీసా కోసం చెయ్యి చాపాడు గానీ, రోగులు ఏం తాగారో డాక్టరు చూడాలి కాబట్టి సీసా వాళ్లతోపాటే రావాలని అంబులెన్సు మనిషి పట్టుబట్టాడు. తలుపులు మూసుకున్నాయి.

లోపల రెండు బల్లలు, మసక అద్దం కిటికీ, ఇద్దరే మనుషులు. కాసేపు అతను ఉద్యోగం గురించి బెంగపడ్డాడు. ఆమె సీసా అతని చేతిలో పెట్టింది.

"బాల్కనీ కంటే ఇదే నయం," అంది. "ఎవరూ తలుపు కొట్టరు. నెమ్మదిగా తాగు, ఆస్పత్రి ఊరవతల ఉంది."

వంతులవారీగా, ఒక్కో గుక్కనూ నాలుక మీద కాసేపు కూర్చోబెట్టి మరీ తాగారు. మలుపుల దగ్గర ఒకరి భుజం ఒకరికి తగిలింది. ఆస్పత్రి గేటు దగ్గరికొచ్చేసరికి సీసా తేలికైంది, ఉద్యోగం కూడా తేలికైన విషయంగానే కనిపించింది.

ఆస్పత్రిలో ఇద్దరి రక్తమూ పరీక్షించారు. ఇద్దరి రక్తంలోనూ ఆల్కహాల్ ఉన్నట్టు తేలింది. ఆ వీధి నీళ్లు తాగినందువల్లే ఇలా అయిందని డాక్టరు చీఫ్‌కు తెలియజేశాడు. నీళ్లలో తేడా ఉందని ల్యాబ్ చెప్పిందీ ఆస్పత్రి చెప్పిందీ ఒకటే కావడంతో చీఫ్‌కు కొండంత బలమొచ్చింది. పైపులు కడిగించి నీళ్లు వదిలించాడు. ఆ తర్వాత మంచం పక్కకొచ్చి, జనం కోసం తన ప్రాణం పణంగా పెట్టినవాడిని ఇంకా ఖాయం చేయకపోతే డిపార్టుమెంటుకే అప్రతిష్ట అన్నాడు. అతను లేచి కూర్చుని, అసలు సంగతి మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. చీఫ్ నర్సును పిలిచి, మత్తు ఇంకా దిగలేదని చెప్పి వెళ్లిపోయాడు.

నీళ్లలో ఆల్కహాల్ కలిసిందన్న ప్రకటన మర్నాడు ఊరంతా పాకింది.

ఆ వారంలోనే ఆ వీధిలో ఇళ్ల అద్దెలు పెరిగాయి.