ఫొటోలో పడితే చదువే

బడిలో పాఠాలు చెప్పడం మానేశాకే చదువులు బాగుపడ్డాయి. ఈ మాటంటే మీరు నా మీద విరుచుకుపడతారని తెలుసు. పడుదురుగాని, ముందు మా బావగారి గురించి నాలుగు ముక్కలు వినండి.

ఆయన మా ఆవిడకు స్వయానా అన్నయ్య. విద్యాశాఖలో అందరికంటే పై కుర్చీ ఆయనది. చిన్నప్పుడు బడి పేరెత్తితే ఆయనకు జ్వరం వచ్చేదట, గోడ దూకి పారిపోయేవారట. పెద్దయ్యాక ఆ బడులన్నీ ఆయన చేతికే చిక్కాయి. ఇక ఊరుకుంటారా? "పాఠం చెప్పామంటే సరా? రుజువేదీ?" అన్నారు. అంతే, ప్రతి పీరియడుకూ ఒక ఫొటో అప్‌లోడ్ చేసి తీరాలని ఆర్డరు వేశారు. ఆ సంస్కరణకు వచ్చిన షీల్డులతో ఆయన షోకేసు నిండిపోయి, ఇప్పుడు ఫ్రిజ్ మీద కూడా పెడుతున్నారు.

ఎంత మేలు జరిగిందో చూడండి! లెక్కల టీచరుకు లెక్కల మాట ఎలా ఉన్నా, ఏ కిటికీలోంచి ఎప్పుడు మంచి వెలుతురు పడుతుందో కొట్టిన పిండి. సైన్సు మాస్టారు పువ్వు బొమ్మ ఒక్కసారి బోర్డు మీద వేయించి, ఏడాది పొడుగునా దాని ముందే పిల్లల్ని మార్చి మార్చి నిలబెడుతున్నారు. హోంవర్కు లేదు, తిట్లు లేవు, బుర్ర బద్దలు కొట్టుకునే పని అసలే లేదు. నవ్వు మొహం పెట్టుకుని కూర్చుంటే చాలు. మన చిన్నతనంలో ఈ భాగ్యం ఉందా?

గిట్టనివాళ్లు గొణుగుతూనే ఉంటారు. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. "పిల్ల మూడో క్లాసుకొచ్చింది, బస్సు మీద ఊరి పేరు కూడా చదవలేకపోతోంది. మా అన్నయ్యతో ఒక్క మాట చెప్పండి" అని రోజూ నా ప్రాణం తీస్తోంది. అంత పెద్దమనిషి చెవిలో ఇంటి గొడవలు వేస్తామా?

మొన్న ఆదివారం బావగారు భోజనానికి వచ్చారు. మా ఆవిడ ఇక ఆగలేక పిల్ల చేతిలో కథల పుస్తకం పెట్టి, "మామయ్యకు ఒక్క లైను చదివి వినిపించవే" అంది. నేను కంగారుగా బావగారికి ఇంకో గరిటె పప్పు వడ్డించబోయాను.

పిల్ల మాత్రం బెదరలేదు. చక్కగా కిటికీ దగ్గరికి జరిగింది. పుస్తకం తెరిచి, తల కాస్త పక్కకు వంచి, నవ్వింది. అలాగే ఉండిపోయింది. కాసేపటికి పెదవులు కదపకుండానే అడిగింది.

"తీశారా, మామయ్యా?"

మా ఆవిడ అన్నయ్య వైపు చూసింది. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. సిగ్గేమో అనుకున్నాను. కాదు, ఆనందం. వెంటనే ఫోను తీసి క్లిక్‌మనిపించారు.

మర్నాడు ఆ ఫొటో పేపర్లో మొదటి పేజీలో వచ్చింది. పిల్ల గంతులు వేసుకుంటూ పేపరు తెచ్చి నా ఒళ్లో పరిచింది.

"నాన్నా, నా ఫొటో కింద ఏం రాశారు?"

చదివి వినిపించాను. "చదవడం రాని పిల్లలు ఇక లేరు" అని రాశారు.