ఆకు తినకండి, గాజుగొట్టానికి పెట్టండి

ఆకుకూర తినేవాళ్లంత అనాగరికులు మరొకరు లేరని నా గట్టి నమ్మకం. దేవుడు ఆకును పుట్టించింది నమలడానికా? కాదు. ఎండబెట్టి, పొడి కొట్టి, సారం తీసి గాజుగొట్టంలో పోయడానికి!

ఈ జ్ఞానం మా బావ పెట్టిన భిక్ష. ఆయన ప్రయోగశాలలో పనిచేస్తారు. వాళ్ల ఇంటి ప్రహరీ వెనక ఎవరూ నాటని, ఎవరూ నీళ్లు పోయని మొక్క ఒకటి గుబురుగా పెరిగేది. అక్క లేత ఆకులు గిల్లుకొచ్చి వండేది. మేం లొట్టలేసుకుంటూ తినేవాళ్లం. ఎంత దుబారా!

ఒక ఆదివారం బావకు అనుమానం వచ్చింది, అందులో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయేమోనని. అంతే, సంచులతో వెళ్లి గుబురంతా వేళ్లతో సహా పీకి తెచ్చారు.

“నాలుగు మొక్కలైనా ఉంచాల్సింది కదండీ,” అంది అక్క.

“శాంపిల్ చాలకపోతే సైన్సు ఒప్పుకోదే.”

సంచులకొద్దీ ఆకు చివరికి చెంచాడు సారమైంది. ఊదారంగు ద్రావణంలో దాన్ని వేస్తే ఊదా విరిగి పసుపు తేలింది. ముసలితనాన్ని ఆపే శక్తికి అదే సాక్ష్యమట! బావ జుట్టు నెరుస్తూనే ఉంది. గాజుగొట్టం మాత్రం నవయవ్వనంతో మెరిసిపోతోంది. ఇంట్లో ఒక్కరైనా కుర్రతనంతో ఉండొద్దూ?

బావ పరిశోధన వ్యాసం రాశారు. ‘ఈ ఆకును ప్రజలు నిత్యం ఆహారంలో తీసుకోవడం శ్రేయస్కరం’ అని ముగించారు.

అక్క చదివి, “ప్రజలంటే మనం కాదు కాబోలు,” అంది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. వ్యాసం భేషుగ్గా ఉంది, తాజా ఆకుతో మళ్లీ చేసి చూపించండి అన్నారు పత్రికవాళ్లు. బావ ప్రహరీ వెనక్కి పరుగెత్తారు. ఉత్త మట్టి!

నిన్న వెతుక్కుంటూ మా ఇంటికొచ్చారు.

“ఏం బావమరిదీ, ఆ మొక్క ఎక్కడైనా కనిపించిందా?”

“లేదు బావా.”

రెండ్రోజుల కిందట పుట్టింటికొచ్చిన అక్క మా వంటగదిలో గబుక్కున గిన్నె మీద మూత పెట్టింది.

“ఏం వండుతున్నావు?”

“బంగాళాదుంప,” అంది, పచ్చబడ్డ వేళ్లు తువ్వాలు కింద దాచుకుంటూ.

పాఠకులకు ఒక మనవి. మా వీధి చివర నీళ్ల ట్యాంకు వెనక ఖాళీ స్థలంలో మొక్కలేమీ లేవు. స్వయంగా చూసి చెబుతున్నాను. ఎవరూ అటు వెళ్లనక్కర్లేదు. ముఖ్యంగా సంచులతో.