మూడు కిలోల రెండు వందల గ్రాముల ల్యాప్‌టాప్

జగ్గయ్యపేటలో శ్రీ కుటుంబరావు గారి అధ్యక్షతన ల్యాప్‌టాప్ ఎంపిక సంఘం ఏర్పడిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. సభ్యులు ఇద్దరు: కుటుంబరావు గారు, వారి బావమరిది భవానీప్రసాద్ గారు. ల్యాప్‌టాప్ వాడబోయే, కుటుంబరావు గారి తమ్ముడి కూతురు నాగశ్రీకి సభ్యత్వం లేదు. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని వెంట రానిచ్చారు.

నాగశ్రీకి ఓ విత్తనాల కంపెనీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి వత్సవాయి, కంచికచర్ల చుట్టుపక్కల పత్తి చేలన్నీ తిరగాలి. చూసింది నాలుగు ముక్కలు టైపు చేసి సాయంత్రం ఐదులోగా పంపాలి. మూడు నెలలు ఆలస్యం లేకుండా పంపితే పర్మినెంటు, లేకపోతే ఇంటికి. ఈమాత్రం పనికి కిలో బరువున్న చవక ల్యాప్‌టాప్ చాలు. ఆ చాలడమే సంఘానికి నచ్చలేదు.

కుటుంబరావు గారు సిమెంటు ఫ్యాక్టరీ వేబ్రిడ్జిలో ముప్ఫయ్యొక్కేళ్లు సున్నపురాయి లారీలు తూచి రిటైరైన మనిషి. తూగనిది ఆయన దృష్టిలో సరుకే కాదు. పెళ్లి శుభలేఖనైనా అరచేతిలో ఓసారి ఎగరేసి చూశాకే, వెళ్లాలో అక్కర్లేదో నిర్ణయిస్తారు.

నందిగామలో ల్యాప్‌టాప్‌ల షాపు నడిపే కిషోర్‌బాబు కిలో ల్యాప్‌టాప్ తీసి చూపించాడు. నాగశ్రీ ప్రాణం లేచొచ్చింది. కుటుంబరావు గారు అందుకుని ఎగరేశారు.

“లోపల సామాను పెట్టడం మర్చిపోయారా?”

“తేలిగ్గా ఉండాలనే అలా చేస్తారండి.”

“పెదనాన్నా, రోజంతా భుజాన వేసుకు తిరిగేది నేను కదా,” అంది నాగశ్రీ.

“మోసేవాళ్లకి సరుకు సంగతేం తెలుస్తుందమ్మా. నా సర్వీసులో ఏ లారీ తన కాటా తను చూసుకోలేదు.”

పక్కనున్న పత్తి కొట్లోంచి కాటా తెప్పించి, షాపులో ఉన్నవన్నీ వరసగా తూచారు. కుర్రాళ్లు గేములాడుకునే ల్యాప్‌టాప్ ఒకటి మూడు కిలోల రెండు వందల గ్రాములతో ప్రథమ స్థానం సాధించింది. ఛార్జరు మరో అరకిలో. ధర మూడు రెట్లు. గ్రాముల లెక్కన ఇదే చవకని కుటుంబరావు గారు అక్కడికక్కడే నిరూపించారు. భవానీప్రసాద్ గారు చప్పట్లు కొట్టారు.

రెండో వారానికి నాగశ్రీ భుజం వాచింది. ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలేసి, చేలగట్ల మీద కూర్చుని నివేదికలన్నీ ఫోన్లో బొటనవేలితో కొట్టి పంపింది. వేలూ వాచింది గానీ ఉద్యోగం పర్మినెంటయింది. ల్యాప్‌టాప్ మాత్రం పెద్దమ్మ కమలాంబ కుట్టిన ముసుగు వేసుకుని షోకేసులో కొలువుదీరింది.

“చూశావా, అది ఇంట్లో కాలుపెట్టిన వేళావిశేషం,” అన్నారు కుటుంబరావు గారు.

ఇంతటి విజయం సాధించిన సంఘాన్ని రద్దు చేయరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. వచ్చే ఆదివారం అదే సంఘం కంచికచర్ల వెళ్తోంది, నాగశ్రీకి పెళ్లికొడుకును ఖాయం చేయడానికి.

“నేనూ వస్తా పెదనాన్నా.”

“నువ్వెందుకమ్మా, మేం చూస్తున్నాంగా.”

నాగశ్రీ భుజం రాసుకుంది.

నవ్విన పాఠకులకు మనవి: ఈ సంఘానికి మీ ఇంట్లోనూ శాఖ ఉంది. అధ్యక్షులెవరో మీకే తెలుసు.